ఇంటిపన్ను యాడ కట్టేది?

ప్రశ్న: అక్కా, చిత్తూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చూస్తున్నాను. మా వెబ్‌సైటు పాతబడింది, మూడు నెలల్లో కొత్తది చెయ్యమన్నారు. ఇప్పుడున్నదాంట్లో పైన పెద్దల ఫొటోలు, వాటి కింద పరిగెత్తే అక్షరాలు, ఎడమ పక్క రెవెన్యూ, ఇంజినీరింగ్, ప్రజారోగ్యం, టౌన్ ప్లానింగ్ అని విభాగాల పేర్లు. ప్రతి విభాగం వాళ్లూ తమది ముందు పేజీలో ఉండాలని పట్టుబడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: చెల్లీ, రెండు వారాలు కంప్యూటర్ జోలికి పోవద్దు. మీ ఆఫీసులో జనం వరస కట్టే కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని, నోటుబుక్కు పట్టుకుని కూర్చో. వచ్చిన మనిషి నోరు తెరవగానే అనే మొదటి మాట ఉంటుందే, దాన్ని అన్నది అన్నట్టే రాసుకో. ‘ఇంటిపన్ను యాడ కట్టేది?’ ‘బిడ్డకు పేరెక్కించాల.’ ‘మా నాయన పోయినాడు, ఇల్లు నా పేరుకు మార్చుకోవాల.’ ‘మూడు దినాలుగా కొళాయి రాలేదు.’ వాటిని దిద్ది ఆఫీసు భాషలోకి మార్చకు. నీ ముందు పేజీ ఆ నోటుబుక్కులోంచే రావాలి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ల కిందట ఒక పురపాలక సంఘానికి సైటు చేశాను, ఊరిపేరు వద్దులే. రంగులు బాగా కుదిరాయి, అందరూ మెచ్చుకున్నారు. ఆ ఊరి నుంచి రోజూ రైల్లో తిరుపతికి వచ్చి గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఒకావిడ నాకు తెలుసు. ఆ వారంలోనే ఫోను నా చేతికివ్వబోయింది. ‘నువ్వే చేసినావంట కదా పాపా, మా ఇంటిపన్ను కట్టిపెట్టు’ అంది. నేను తీసుకోలేదు. నువ్వే కట్టక్కా, నేను చూస్తా అన్నాను.

పూలు కట్టిన తడి వేలికి ఫోను పలకలేదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కింది. పేజీ తెరుచుకుంది. వేలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మూడుసార్లు తిరిగింది. ‘రెవెన్యూ విభాగం’ అన్న మాటను మూడుసార్లూ దాటిపోయింది. అదే నొక్కక్కా అంటే, ‘రెవెన్యూ అంటే ఎమ్మార్వో ఆఫీసు కదా, పొలం కాయితాలు కదా పాపా’ అంది. నిజమే, మన జిల్లాలో ఎవరినడిగినా రెవెన్యూ అంటే అదే. నొక్కితే లోపల ‘ఆస్తి పన్ను మదింపు మరియు వసూలు’ అని నేను రాసిన మాటలున్నాయి. అదీ దాటాక పేజీ అసెస్‌మెంట్ నంబరు, అంటే పన్ను లెక్క కోసం ఇంటికిచ్చే నంబరు, అడిగింది. అదేమిటో ఆవిడకు తెలియదు. పాత రసీదు మీద ఉంటుంది, రసీదేమో ఇంట్లో ట్రంకు పెట్టెలో. ‘పోనీలే, రేపు ఆఫీసుకే పోతా, ఒక పూట బేరం పోతుంది’ అని గంప సర్దుకుంది. ఆ పూట బేరం పోగొట్టింది నేను రాసిన మాటలే. నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంటుంది.

తర్వాత ఆ పేజీ మార్చాను. ముందు పేజీలో ‘ఇంటిపన్ను కట్టండి’ అని పెద్ద మీట. నొక్కగానే పాత రసీదు ఫొటో, నంబరు ఉన్నచోట ఎర్ర గుండ్రం. రసీదు లేకపోతే డోరు నంబరుతోనో యజమాని పేరుతోనో వెతుక్కోవచ్చని ఒక ముక్క. పన్ను కట్టించుకునే పేజీ ఎలాగూ రాష్ట్ర పురపాలక శాఖదే, మన సైటు పని అక్కడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం. ఇంకొకటి, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుంది. ఆ సంగతి సర్క్యులర్ అడుగున పడి ఉంటే ఎవరికీ అందదు. మార్చిలోనే మీట కింద రాసిపెట్టు.

బర్త్ సర్టిఫికెట్ పేజీ మీద కూడా ఇంతే శ్రద్ధ పెట్టు. పుట్టుక నమోదయ్యేది కాన్పు జరిగిన ఊళ్లో. పుత్తూరు అమ్మాయి తిరుపతి ఆసుపత్రిలో కాన్పయితే పుత్తూరు కౌంటరులో ఎంతసేపు నిలబడినా కాగితం రాదు. ఈ ఒక్క వాక్యం పేజీ నెత్తిన ఉంటే చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చే తల్లికి బస్సు తిరుగుడు తప్పుతుంది. 21 రోజుల్లో నమోదు చేయించాలని, పేరు లేకుండా నమోదైతే ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో ఎక్కించుకోవచ్చని రాయి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీ రుజువు ఆ కాగితమే. కాబట్టి అడిగేవాళ్లు పెరుగుతారే గానీ తగ్గరు.

విభాగాల పేచీకి నీ అభిప్రాయంతో ఎదురు నిలవకు, చిన్న ఉద్యోగివి, నలిగిపోతావు. నోటుబుక్కు లెక్క వాళ్ల ముందు పెట్టు: వందమందిలో ఎంతమంది పన్ను కోసం, ఎంతమంది కొళాయి కోసం వచ్చారని. తర్వాత ఐదుగురు మామూలు మనుషుల్ని పిలిపించి వాళ్ల ఫోన్లలోనే సైటు తెరిపించు. ఐదుగురితో చూస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్లు జనానికి ఎంత తేలిగ్గా ఉన్నాయో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లోనే లెక్కగట్టి రాశాడు. విభాగాల పెద్దల్ని వెనక కూర్చోబెట్టు, మాట్లాడొద్దని ముందే చెప్పు. పూలావిడ వేలు దాటిపోయినట్టు తమ మాటను ఒక వేలు దాటిపోవడం కళ్లారా చూసినవాళ్లు మెత్తబడతారు. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన సేవల కోసం గవ్.యూకే అనే సైటు తెచ్చినప్పుడు రాసుకున్న మొదటి సూత్రం కూడా, వాడేవాళ్ల అవసరం నుంచి మొదలుపెట్టమనే.

పరిగెత్తే అక్షరాలు తీసెయ్యి. ఐదు సెకన్లకు మించి తనంతట తాను కదిలేదాన్ని ఆపే వీలుండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి కేంద్రం మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. దాన్ని ప్రింటు తీసి ఫైలులో పెట్టు, కమిషనర్ గారికి సంతకం పెట్టడానికి ఆధారం దొరుకుతుంది. ఫొటోలు ‘మా గురించి’ పేజీకి పోతాయి.

నెట్ సెంటర్ కుర్రాళ్లను మాత్రం మరిచిపోవద్దు. ఒక్కొక్కడు రోజుకు పదిమంది తరఫున నీ సైటు తెరుస్తాడు. వాళ్ల దగ్గర ఒక సాయంత్రం కూర్చో, ఏ పేజీలో ఏ గడి దగ్గర ఆగిపోతుందో నీకంటే వాళ్లకే బాగా తెలుసు. అలాగే 2019 నుంచి వార్డు సచివాలయాలున్నాయి, 2025 జనవరి నుంచి వాట్సాప్‌లోనే ప్రభుత్వ పనులు చేసిపెట్టే ‘మన మిత్ర’ ఉంది. ఏ పనికి ఏ తలుపు తట్టాలో ప్రతి పేజీలో ఒక ముక్క రాయి.

ప్రశ్న: అక్కా, మా ఊరి సైటులో నీళ్ల నోటీసు తెలుగులోనే ఉంటుంది గానీ గూగుల్‌లో వెతికితే దొరకదు. కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, అది ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టిన నోటీసు. కంటికి తెలుగే గానీ లోపల దాచుకున్నవి ఇంగ్లిషు గుర్తులు. అందుకే గూగుల్‌కూ అర్థం కాదు, చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అర్థం కాదు. ప్రతి తెలుగు అక్షరాన్నీ తెలుగుగానే దాచుకునే యూనికోడ్ పద్ధతిలో టైపు చెయ్యమని అడుగు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి మంచి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. సంతకం పెట్టి స్కాన్ చేసిన కాగితం ఉండాలంటే కింద జతచెయ్యమను. పైన మాత్రం ఏ వీధికి, ఏ రోజు, ఎన్ని గంటల నుంచి నీళ్లు రావో అక్షరాల్లో ఉండాలి.