కేసు పడ్డా, కార్లు లేటైనా టెస్లా షేరు ఎట్టా నిలబడింది?

కావలి తమ్ముడొకరు అడిగింది: 2018లో టెస్లా మీద కేసు, పైగా కార్లు లేటు, అయినా షేరు ఎందుకు కూలిపోలా, మా రూంలో రోజూ ఇదే గొడవన్నా అని.

రెండూ వేరే వేరే తమ్ముడూ, కలిపి చూడబట్టే మీ వాదన తెగట్లా. కేసేందంటే, కంపెనీని షేరుకి 420 డాలర్ల లెక్కన ప్రైవేట్ చేస్తా, అంటే షేర్లన్నీ కొని మార్కెట్ నుంచి తీసేస్తా, ఫండింగ్ రెడీ అని టెస్లా బాస్ మస్క్ ఆగస్టు 7న ట్వీట్ వేశాడు, ఎస్ఈసీ అంటే అక్కడి సెబీ అనుకో, ఆ మాట తప్పుదారి పట్టించేదని సెప్టెంబర్ 27న కోర్టుకెక్కింది, మర్నాడు షేరు దాదాపు 14 శాతం పడింది, ఆ తర్వాతి రోజే సెటిల్‌మెంట్ అయిపోయి ఆయనకి 2 కోట్ల డాలర్లు, కంపెనీకి ఇంకో 2 కోట్లు ఫైన్, చైర్మన్ కుర్చీ పోయింది గానీ సీఈఓ కుర్చీ ఉండింది, సోమవారం షేరు మళ్ళీ లేచింది. అంతే కథ.

అసలు భయం ప్రొడక్షన్‌ది. మోడల్ 3 అనే కారు మొదలెట్టిన క్వార్టర్‌లో, అంటే ఆ మూడు నెలల్లో, 1500 కార్లు అన్నోళ్ళు చేసింది 260. 2017 చివరికల్లా వారానికి 5000 అన్నది 2018 జూన్ ఆఖరుకి గానీ రాలా, అదీ వాళ్ళ ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ బయట పెద్ద టెంట్ వేసి అందులో లైన్ పెడితే. రొయ్యల గుంటలోళ్ళకి చెప్పక్కర్లా, పట్టుబడి లేటైతే మేతకీ కరెంటుకీ చేతిలో డబ్బులుండాయా లేదా అన్నదే లెక్క. ఆ ఏడాది మూడో క్వార్టర్‌లో 31 కోట్ల డాలర్ల లాభం చూపించేసరికి టెస్లా దివాలా తీస్తదన్న వాదన చల్లబడింది.

అందరికీ ఇట్టా కలిసిరాలా. ఇట్టాంటి కరెంటు బండ్ల కంపెనీలే ఫిస్కర్ 2024 జూన్‌లో, నికోలా 2025 ఫిబ్రవరిలో దివాలాకెళ్ళాయి, నికోలా ఫౌండర్‌కైతే ఫ్రాడ్ కేసులో జైలు శిక్ష కూడా పడింది, తర్వాత ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడనుకో.