సంఘం పెట్టడం సరే, నడిపేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం విద్యార్థి సంఘాల గురించే. పార్టీల అనుబంధ సంఘాల సంగతి కాదు, యూనివర్సిటీల్లో పిల్లలు సొంతంగా నడుపుకునే కల్చరల్ క్లబ్బులు, కోడింగ్ క్లబ్బులు, అమెరికాలో మన పిల్లలు పెట్టుకునే తెలుగు సంఘాలు. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలన్నీ ఆపి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టెక్సాస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మా యూనివర్సిటీ తెలుగు విద్యార్థుల సంఘానికి నన్ను ప్రెసిడెంట్‌ని చేశారు. పాత కమిటీలో అందరూ డిసెంబర్‌లో గ్రాడ్యుయేట్ అయి వెళ్ళిపోయారు. సంఘం ఈమెయిల్ పాస్‌వర్డ్ ఒకరి దగ్గర ఉంది, డబ్బులు ఇంకొకరి అకౌంట్‌లో ఉన్నాయి, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఎవరి నంబరుతో ఉందో కూడా తెలియదు. ఉగాది దగ్గరికొచ్చేసింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఉగాదిని ఒక వారం పక్కన పెట్టండి. మీరు ప్రెసిడెంట్ అని మీ వాట్సాప్ గ్రూపుకి తెలుసు గానీ యూనివర్సిటీకి ఇంకా తెలియదు. వాళ్ళ రికార్డుల్లో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లే ఉండి ఉంటాయి, ఆ పేర్లు మారేదాకా హాల్ బుక్ చేయడం గానీ, ఫండ్స్ అడగడం గానీ మీ వల్ల కాదు. విద్యార్థి సంఘాలను చూసుకునే ఆఫీసు ప్రతి యూనివర్సిటీలోనూ ఉంటుంది. మెయిల్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకుండా మీరే స్వయంగా వెళ్ళండి, మీతోపాటు సంఘానికి అడ్వైజర్‌గా ఉన్న ప్రొఫెసర్‌నో స్టాఫ్ మెంబర్‌నో తీసుకెళ్ళండి. అడ్వైజర్ సంతకం ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది. అసలు అడ్వైజర్ ఎవరో కూడా తెలియకపోతే అదీ ఆ ఆఫీసులోనే తెలుస్తుంది. కొత్త ఆఫీసర్లకు చాలాచోట్ల ఆన్‌లైన్ ట్రెయినింగ్ ఉంటుంది, అది పూర్తిచేయకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు, కాబట్టి ఆ రోజు రాత్రే కూర్చుని చేసేయండి.

ఇక డబ్బు. సంఘం డబ్బు యూనివర్సిటీ లోపలి అకౌంట్‌లోనే ఉంటే అదృష్టం, పేర్లు మారిస్తే చాలు. బయటి బ్యాంకులో సంఘం పేరున ఉంటే అక్కడ సంతకాలు మార్చాలి, దానికి పాతవాళ్ళలో ఒకరైనా కదలాలి. ఆ అకౌంట్ కోసం ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర ఈఐఎన్ అనే గుర్తింపు నంబరు సంఘం పేరున తీసుకుని ఉంటారు కదా, దానికి బాధ్యుడిగా ఉన్న మనిషి మారితే 60 రోజుల్లోపు 8822-బి అనే ఫారం పంపాలి. మన సంఘాల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఆ నంబరు ఇచ్చినప్పుడు వచ్చిన ఉత్తరం ఎక్కడుందో పాతవాళ్ళని అడగండి, బ్యాంకు వాళ్ళు మొదట అడిగేది అదే.

మూడో రకం ఉంది, మీ ఉత్తరం చూస్తే మీది అదే అనిపిస్తోంది. సంఘం డబ్బు పాత ట్రెజరర్ సొంత అకౌంట్‌లో ఉండిపోవడం. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఆయనకిప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం, వేరే టెన్షన్లు. "అన్నా, లెక్క చెప్పు" అని గ్రూపులో అందరి ముందూ అడగకండి. ఒక్కరే ఫోన్ చేసి, "కొత్త అకౌంట్ తెరిచాం అన్నా, బ్యాలెన్స్ పంపించు, ఖర్చుల లిస్టు ఎలా ఉంటే అలాగే పంపించు, మేం సర్దుకుంటాం" అనండి. మనవాళ్ళు డబ్బు ఇవ్వకపోవడానికి చాలాసార్లు కారణం దురాశ కూడా కాదు, బిల్లులు పోగొట్టుకున్నామన్న సిగ్గు. ఆ సిగ్గు పోగొడితే డబ్బు వచ్చేస్తుంది. అప్పటికీ ఇవ్వకపోతే మాత్రం మొహమాటపడకుండా అడ్వైజర్‌కి చెప్పండి.

ఉగాదికి హాల్ దొరికాక మీకు అడ్డొచ్చేది భోజనం. చాలా యూనివర్సిటీలు ఒకే క్యాటరింగ్ కంపెనీతో ఒప్పందం చేసుకుని ఉంటాయి, బయటి ఇండియన్ రెస్టారెంట్ నుంచి తెప్పించాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, ఆ రెస్టారెంట్ లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం రెండూ జతచేయాలి. ఇంట్లో వండి తెచ్చి వందల మందికి పంచుతామంటే చాలాచోట్ల ఒప్పుకోరు. ఉగాది పచ్చడి విషయంలో ఇదే ఇబ్బంది అవుతుంది, ఎందుకంటే అది ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లోనే కలుపుతారు కదా. అందుకని రెస్టారెంట్ వాళ్ళనే కలపమనండి. ఎండు వేపపువ్వు ప్యాకెట్, మామిడికాయలు, బెల్లం, కొత్త చింతపండు మీరు కొనిచ్చి, ఎంత పాళ్ళలో వేయాలో కాగితం మీద రాసివ్వండి. రాయకపోతే వాళ్ళు వేపపువ్వు చిటికెడు వేసి తియ్యటి పానకం చేసి పంపిస్తారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆ ఒక్క గుక్క కోసమే వస్తారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

అసలు మీ సంఘం ఈ స్థితికి ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఎంఎస్ అంటే మూడు, నాలుగు సెమిస్టర్లు. ఆగస్టులో వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో ఇల్లు, చదువు, పార్ట్‌టైమ్ పని చూసుకునేసరికే అయిపోతుంది, రెండో సెమిస్టర్‌లో కమిటీలోకి వస్తారు, మూడో సెమిస్టర్‌లో ఉద్యోగాల వేట, ఆపైన గ్రాడ్యుయేషన్. అంటే మనిషి సంఘం పని నేర్చుకునే సమయానికి వెళ్ళిపోయే సమయం వచ్చేస్తుంది. కమిటీలో అందరూ ఒకే బ్యాచ్ వాళ్ళయితే అందరూ ఒకేసారి మాయమవుతారు, మీకు జరిగింది అదే. కాబట్టి మీ కమిటీలో కనీసం ఇద్దరు మీ తర్వాతి బ్యాచ్ వాళ్ళు ఉండాలి, వీలైతే పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళని ఒకరిని పట్టుకోండి, వాళ్ళు నాలుగైదేళ్ళు ఉంటారు. ట్రెజరర్‌గా వాళ్ళకి మించినవాళ్ళు దొరకరు. కొత్త కమిటీని మీరు వెళ్ళే నెలలో కాకుండా ఒక పెద్ద పండగ ముందు ఎన్నుకోండి, ఆ పండగ రెండు కమిటీలూ కలిసి చేస్తే నేర్పాల్సినదంతా అక్కడే నేర్పేస్తారు. పాస్‌వర్డులు, కాంట్రాక్టులు, హాల్ మనిషి ఫోన్ నంబరు, పోయినసారి ఎంతమంది వచ్చారు, ఎంత అన్నం మిగిలింది, ఇవన్నీ సంఘం ఈమెయిల్‌కి చెందిన డ్రైవ్‌లో ఉండాలి, మనుషుల సొంత డ్రైవ్‌లో వద్దు.

ప్రశ్న: విశాఖపట్నంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా క్లబ్ ఫెస్ట్‌కి ఎంట్రీ ఫీజులన్నీ ట్రెజరర్ ఫోన్‌పే క్యూఆర్‌కే వేయించాం. సరిగ్గా ఫెస్ట్ ముందు అతని బ్యాంక్ అకౌంట్ ఫ్రీజ్ అయింది. సైబర్ క్రైమ్ ఫిర్యాదు అంటున్నారు. మేం ఏ తప్పూ చేయలేదు. వాడు ఇంట్లో చెప్పడానికి కూడా భయపడుతున్నాడు.

జవాబు: ముందు ఆ అబ్బాయిని ఇవాళే ఇంట్లో చెప్పమనండి. మీలో ఒకరు పక్కన కూర్చుని చెప్పించండి, ఒంటరిగా వదలకండి.

జరిగింది ఇదై ఉంటుంది: ఎక్కడో ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తారు. పోయిన డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కి వెళ్ళిందో చూస్తూ ఆ దారిలో ఉన్న అకౌంట్లన్నిటినీ ఆపుతారు. మీకు ఫీజు కట్టిన బయటివాళ్ళలో ఒకరి అకౌంట్‌లోకి ఆ డబ్బు వచ్చి ఉంటే, మీ వంద రూపాయలు కూడా ఆ దారిలోకి వచ్చేస్తాయి. బ్యాంకు బ్రాంచికి వెళ్ళి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ సైబర్ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ఫెస్ట్ పోస్టర్, రిజిస్ట్రేషన్ లిస్టు, ఆ వ్యక్తి కట్టిన రసీదు, ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద ఇది కాలేజీ కార్యక్రమమే అని ఒక లేఖ, ఇవన్నీ కలిపి ఆ స్టేషన్‌కి మెయిల్‌లో పంపండి, బ్యాంకుకీ ఒక కాపీ ఇవ్వండి. అకౌంట్ మొత్తం కాకుండా వివాదంలో ఉన్న మొత్తం మాత్రమే ఆపమని బ్యాంకుని అడగొచ్చు, అడగండి. "డబ్బిస్తే తీయిస్తాం" అని ఫోన్ చేసే ఏజెంట్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఇకమీదట ఫీజులు కాలేజీ అకౌంట్‌లోకే పోవాలి. "ఆఫీసులో వేస్తే మళ్ళీ తీసుకోవడానికి నెల పడుతుంది సార్" అంటారని తెలుసు. నిజమే, పడుతుంది. అందుకే ఖర్చుల అంచనా నెల ముందే ఇచ్చి అడ్వాన్స్ తీసుకోవాలి. కొందరు సొసైటీ రిజిస్ట్రేషన్ చేయించుకోమని సలహా ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే సొసైటీ పెట్టుకోవచ్చు, పాన్ తీసుకుని సంఘం పేరున అకౌంట్ తెరవొచ్చు. కానీ ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, కమిటీ జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కి పంపాలి. మీరు నాలుగో సంవత్సరం అయి వెళ్ళిపోయాక అవెవరు చేస్తారు? కాలేజీ క్లబ్బుకి నేనైతే వద్దంటాను.

లెక్కల పుస్తకం సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే పేచీలు వచ్చేది పెద్ద ఖర్చుల దగ్గర కాదు. షామియానాకి బిల్లు ఉంటుంది, మైక్ సెట్‌కి బిల్లు ఉంటుంది. జగదాంబ సెంటర్‌కి ఆటో, అర్ధరాత్రి టీలు, జిరాక్సులు, దండలు, వీటికి ఉండదు. వీటికి ఓచర్ రాయండి: తేదీ, దేనికి, ఎంత, డబ్బు తీసుకున్నవాళ్ళ సంతకం, ఇచ్చినవాళ్ళ సంతకం. చిన్న ఓచర్ బుక్ స్టేషనరీ షాపులో దొరుకుతుంది. ఆ రాత్రే రాయాలి, మర్నాడు ఎవరికీ గుర్తుండదు. ఫెస్ట్ అయిన వారంలో మొత్తం లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి, మిగులు వచ్చినా లోటు వచ్చినా సరే. ఒక్కసారి పెట్టి చూడండి, వచ్చే ఏడాది చందా అడిగితే పిల్లలు మారుమాట లేకుండా ఇస్తారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నాను. మా లిటరరీ క్లబ్‌లో సగం మంది అమ్మాయిలమే. కానీ మాకు ముగ్గులు, వ్యాఖ్యానం, అతిథులకి బొకేలు ఇవ్వడం తప్ప వేరే పని రాదు. అడిగితే "మీటింగులకి మీరు రారు కదా" అంటున్నారు.

జవాబు: మీటింగులు ఎన్నింటికి పెడుతున్నారమ్మా? రాత్రి ఎనిమిదికి క్యాంటీన్ దగ్గర పెడితే, మీ హాస్టల్ గేటు అంతకుముందే మూస్తారు కదా, మీరెలా వస్తారు? చాలా క్లబ్బుల్లో అమ్మాయిలు లేకుండానే నిర్ణయాలు జరిగిపోవడానికి కారణం ఇదే, అబ్బాయిలకి ఆ ఆలోచనే రాదు. కాబట్టి మొదట పోరాడాల్సింది పదవి కోసం కాదు, టైమ్ కోసం. మధ్యాహ్నం భోజనం బ్రేక్‌లోనో, క్లాసులు అవగానే నాలుగున్నరకో మీటింగ్ పెట్టాలనీ, ఆ మీటింగ్‌లో రాసుకున్న నిర్ణయాలే చెల్లుతాయనీ క్లబ్ నియమాల్లో రాయించండి. వాట్సాప్‌లో రాత్రి పదకొండుకి పెట్టిన పోల్స్ చెల్లవని కూడా రాయించండి.

ఆ తర్వాత అనుమతుల పని మీరు తీసుకోండి. హాల్ కోసం, సెక్యూరిటీ కోసం, కరెంటు కోసం లెటర్లు పట్టుకుని డీన్ ఆఫీసు చుట్టూ తిరిగే పని ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ క్లబ్‌లో ఆఫీసు వాళ్ళకి పేరుతో తెలిసే మనిషి ఆ లెటర్లు పట్టుకుని తిరిగినవాళ్ళే. ఏడాది తిరిగేసరికి మిమ్మల్ని అడక్కుండా ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: అమెరికాలో చదువుతున్నాను, ఊరు పేరు వేయొద్దు. మా తెలుగు సంఘంలో సీనియర్లు కొందరు "మనవాళ్ళకి" వేరే గ్రూపు పెట్టారు. ఇంటిపేరు చూసి చేర్చుకుంటున్నారు. రూములు, పార్ట్‌టైమ్ పనులు, రిఫరెన్సులు అన్నీ అందులోనే తిరుగుతున్నాయి. నన్ను చేర్చుకున్నారు, నా రూమ్మేట్‌ని చేర్చుకోలేదు.

జవాబు: ఆ గ్రూపులోంచి బయటికి రండి. మీ రూమ్మేట్‌కి ఎందుకు వచ్చారో చెప్పండి.

ఇది కేవలం మంచీ చెడ్డా విషయం కూడా కాదు. విద్యార్థుల ఫీజుల నుంచి డబ్బు తీసుకునే సంఘం ఎవరినైనా సభ్యులుగా చేర్చుకోవాలని యూనివర్సిటీ షరతు పెట్టవచ్చని 2010లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కాలిఫోర్నియా లా కాలేజీ కేసులో చెప్పింది. కులవివక్షను నిషేధిస్తూ బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో నియమాల్లో చేర్చాయి, సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది. మీ దగ్గర ఆ మాట విడిగా రాసి లేకపోయినా, పుట్టుక, వంశం పేరుతో వివక్ష కూడదన్న నియమం సాధారణంగా ఉంటుంది.

చేయాల్సిన పని ఇంకోటి ఉంది. కొత్తగా దిగే పిల్లలకి ఆగస్టులో కావాల్సింది రూము, ఎయిర్‌పోర్టు నుంచి కారు, మొదటి వారం పప్పూ బియ్యం. ఇవి సంఘం అందరికీ ఇవ్వకపోవడం వల్లే ఇలాంటి గ్రూపులు పుడతాయి. రూముల జాబితా, ఎయిర్‌పోర్టు పికప్ జాబితా సంఘం పేజీలో బాహాటంగా పెట్టండి, ముందు అడిగినవాళ్ళకి ముందు. ఆ గ్రూపుకి పని లేకుండా పోతుంది.

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక తండ్రి. మా అబ్బాయి అమెరికాలో సంఘం వైస్ ప్రెసిడెంట్ అయ్యాడట. చదువు పాడవుతుందని, వీసాకి ఏమైనా అవుతుందని భయంగా ఉంది.

జవాబు: జీతం లేకుండా విద్యార్థి సంఘంలో పనిచేయడానికి ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో ఇబ్బంది లేదండీ. పదవికి స్టైపెండ్ ఇస్తామంటే మాత్రం ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగమనండి, అది ఉద్యోగం కింద లెక్కలోకి రావచ్చు. చాలా యూనివర్సిటీల్లో మార్కులు ఒక స్థాయికి తగ్గితే పదవి కూడా పోతుంది, కాబట్టి ఆ కాపలా అక్కడే ఉంది. మీరు ఫోన్‌లో "ఆ సంఘం ఎందుకురా" అనకుండా, సెమిస్టర్ పరీక్షల నెలలో కార్యక్రమం ఏదైనా పెట్టుకున్నారేమో అడగండి. పెట్టుకుని ఉంటే దాన్ని వేరే తేదీకి మార్చమనండి.

ప్రశ్న: క్లబ్ తరఫున సెమినార్ హాల్లో సినిమా వేయొచ్చా? టికెట్ పెట్టం. (తిరుపతి)

జవాబు: మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో విద్యాసంస్థలకి మినహాయింపు ఉంది, కాలేజీ కార్యక్రమంగా వేసి, చూసేవాళ్ళు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే అయితే వేయొచ్చు. ఊరందరికీ ఆహ్వానం అని బయట పోస్టర్ వేస్తే ఆ మినహాయింపు పోతుంది. టెలిగ్రామ్‌లో దిగుమతి చేసుకున్న కాపీతో మాత్రం వేయకండి. అమెరికాలో ఉన్నవాళ్ళు దీన్ని చూసి ధైర్యపడొద్దు, అక్కడ ఉచితంగా వేసినా ప్రదర్శన హక్కులు విడిగా కొనాలి, ఇంట్లో చూసే నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ అందుకు పనికిరాదు.