నెలసరి తప్పడానికి టెన్షన్ ఒక్కటే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. మధురవాడలో రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తూ, పగలు ఆసుపత్రిలో ఉన్న నాన్నగారిని చూసుకోవలసి రావడంతో నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. ఏనాడూ తప్పని నెలసరి మూడు నెలలుగా రాలేదు. ‘టెన్షన్ వల్లే, అదే సర్దుకుంటుంది’ అంటోంది అమ్మ. మనసులోని ఆందోళన అండాశయాల దాకా వెళ్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వెళ్తుంది. అయితే అదే సర్దుకుంటుందని ఊరుకోవడం మాత్రం సరికాదు.

మెదడులోని హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను విడతలు విడతలుగా వెలువడితేనే, పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను తగు పాళ్లలో వదిలి అండం పక్వమయ్యేలా చేస్తుంది. ఒత్తిడి నెలల తరబడి సాగి ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగినా, తిండి చాలక ఒంట్లో కొవ్వు తగ్గినా ఆ విడతలు మందగిస్తాయి. అప్పుడు అండాశయాల్లో ఏ లోపమూ లేకపోయినా, పైనుంచి కబురు అందక అవి పని ఆపేస్తాయి. మీ ఉత్తరంలో టెన్షన్ కంటే ఆ ఆరు కిలోలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి.

గుండెదడ, చెమటలు పుట్టించే సహానుభూత నాడులు అండాశయాలకు నేరుగా కూడా చేరతాయి. మందుతో పీసీఓఎస్ (హార్మోన్లు గతి తప్పి అండం సరిగా విడుదల కాని సమస్య) వంటి స్థితి కలిగించిన ఎలుకల్లో అండాశయానికి వెళ్లే ఒక నాడిని కోసివేస్తే అండం విడుదల తిరిగి మొదలైంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలోనూ ఈ నాడుల చురుకు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. అంతమాత్రాన ఒత్తిడి వల్లే పీసీఓఎస్ వస్తుందని చెప్పలేం. (పీసీఓఎస్‌లో స్కాన్‌లో కనిపించే, అందరూ ‘నీటి బుడగలు’ అనేవి నిజానికి ఎదుగుదల ఆగిన అండపుటికలు, అంటే అండం పెరిగే చిన్న సంచులు.)

మూడు నెలలు నెలసరి రాకపోతే పరీక్షలు తప్పనిసరి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో గానీ, ఘోషా ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గరలోని గైనకాలజిస్టు వద్ద గానీ చూపించుకోండి. గర్భం లేదని నిర్ధారించుకున్నాక థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, మిగతా హార్మోన్లు ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయోల్ రక్తపరీక్షలు, స్కాన్ చేస్తారు. థైరాయిడ్ లోపాన్ని టెన్షన్‌గా పొరబడి ఏడాది గడిపేసినవారు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు.

ఈలోగా షిఫ్టులో టీ, బిస్కెట్లతో సరిపెట్టకుండా వేళకు అన్నం, పప్పు, గుడ్డు తినండి. పగలు చీకటి గదిలో కనీసం ఏడు గంటలు నిద్రపోయేలా, ఆసుపత్రి పని ఇంట్లో మరొకరితో పంచుకోండి. మందుల షాపులో అడిగి నెలసరి తెప్పించే మాత్రలు వేసుకోవద్దు. వాటితో రక్తస్రావం కనిపించినా అసలు కారణం అలాగే ఉండిపోతుంది. అండాశయాలు పని ఆపేస్తే వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గుతుంది; ఆ స్థితి ఎక్కువ కాలం కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి.