పర్చేజ్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది, ఏఐ వల్ల ఉద్యోగం పోతుందా, ఏం నేర్చుకోవాలి?

ఇండెంట్లు (ఏం కావాలో డిపార్ట్‌మెంట్లు రాసి పంపేవి) చూడటం, మూడు కొటేషన్లు తెప్పించి కంపారిటివ్ (రేట్లు పోల్చే టేబుల్) వేయడం, పీవో (పర్చేజ్ ఆర్డర్) రిలీజ్ చేయడం, సరుకు వచ్చేదాకా ఫాలోఅప్, ఇదీ నా పని అని రాశారు కదండీ. మొహమాటం లేకుండా చెప్తున్నా, మొదటి మూడూ పోతాయి. నేను హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు రసాయనం తయారుచేసే) కంపెనీలో పర్చేజ్ చూస్తాను, మా దగ్గర ఇప్పటికే చాలావరకు పోయాయి. సాల్వెంట్ రేటు ఒకాయన పీడీఎఫ్‌లో పంపుతాడు, ఇంకొకాయన వాట్సాప్‌లో ఫొటో తీసి పెడతాడు, వాటిలో ఫ్రైట్, జీఎస్టీ, క్రెడిట్ రోజులు అన్నీ ఒక లెక్కకు తెచ్చి ల్యాండెడ్ కాస్ట్ (సరుకు మన గేటు చేరేసరికి పడే మొత్తం ఖర్చు) తీయడానికి మా కుర్రాళ్లకు ఒక పూట పట్టేది. ఇప్పుడు టీ తాగొచ్చేలోపు టేబుల్ తయారు.

కానీ ఆ టేబుల్‌ని నమ్మొచ్చా లేదా చెప్పేవాడు కావాలి, ఆ మనిషికి మాత్రం గిరాకీ తగ్గలేదు. మా ఐటమ్ మాస్టర్‌లో, అంటే కొనే వస్తువులన్నిటికీ కోడ్‌లు ఉండే లిస్టులో, 'పీటీఎఫ్ఈ గ్యాస్కెట్ 50 ఎన్‌బీ' ఒక కోడ్, 'టెఫ్లాన్ గ్యాస్కెట్ 2 ఇంచ్' ఇంకో కోడ్. గ్యాస్కెట్ అంటే పైపు జాయింట్లలో లీకేజీ రాకుండా వేసే రింగు, పీటీఎఫ్ఈ అన్నా టెఫ్లాన్ అన్నా ఒకటే, 50 ఎన్‌బీ అంటే 2 ఇంచ్ పైపు సైజే. రెండూ ఒకటేనని ఏఐ ఇట్టే పట్టేసింది, శభాష్. అదే ఊపులో ఎన్వలప్ గ్యాస్కెట్‌ని కూడా వాటితో కలిపేసి, తక్కువ రేటుదే కొనమంది! గ్లాస్ లైన్డ్ రియాక్టర్ (లోపల గాజు పూత ఉన్న రసాయనాల ట్యాంకు) నాజిల్‌కి, అంటే పైపు తగిలించే మూతికి, వేసేది ఆ ఎన్వలప్ రకమే, పైన టెఫ్లాన్, లోపల మెత్తటి ఫిల్లర్. దాని బదులు ఉత్త టెఫ్లాన్‌ది వేసి లీకేజీ ఆగాలని బోల్టులు బిగించుకుంటూ పోతే గ్లాస్ పగిలే ప్రమాదం ఉంది. ప్లాంట్‌లోకి వెళ్లి మెయింటెనెన్స్ వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడినవాడికి ఇది తెలుస్తుంది, ఏసీ గదిలో కూర్చుని పీవోలు కొట్టినవాడికి తెలియదు.

బేరాలు మనుషులే ఆడాలి అంటారా, అదీ పూర్తిగా నిజం కాదు. వాల్‌మార్ట్ 2021లో కెనడాలో ప్యాక్టమ్ అనే కంపెనీ బాట్‌తో చిన్న సప్లయర్లతో బేరమాడిస్తే 64 శాతం మందితో డీల్ కుదిరింది. అయితే అవి ఎవరూ కూర్చుని మాట్లాడే తీరిక లేని చిల్లర కాంట్రాక్టులు. మీ ఏరియా కూడా స్టేషనరీ, హౌస్‌కీపింగ్ లాంటిదే అయితే వీలైనంత త్వరగా రా మెటీరియల్ వైపో, ఇంపోర్ట్స్ వైపో జరగండి.

ఇంకోటి, ఏఐ టూల్‌కి పేమెంట్ రోజులు పెంచడమంటే మహా ఇష్టం, అడిగితే 90 రోజులు పెట్టమంటుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల వాళ్లకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, పేమెంట్ 45 రోజులు దాటకూడదు. ఇలాంటివి నోటికి వచ్చి ఉండాలి.

ఏం నేర్చుకోవాలంటే, ప్రాంప్ట్ కోర్సులకు వేలు పోయకండి. ఐటమ్ మాస్టర్ శుభ్రం చేసే పని ఎవరూ ఇష్టపడరు, మీరు అడిగి తీసుకోండి, ఆరు నెలల్లో మెటీరియల్ మీద పట్టు వస్తుంది. కాంట్రాక్ట్ క్లాజులు, ఇన్‌కోటర్మ్స్ (రవాణా ఖర్చు, రిస్క్ ఎక్కడిదాకా ఎవరిదో చెప్పే అంతర్జాతీయ షరతులు), అనాలిసిస్ సర్టిఫికెట్ (సరుకు టెస్ట్ రిపోర్ట్) చదవడం నేర్చుకోండి. ఏఐని రోజూ వాడండి, కాకపోతే వెండర్ రేట్లు, డ్రాఫ్ట్ అగ్రిమెంట్లు తీసుకెళ్లి ఫ్రీ చాట్‌బాట్‌లో పేస్ట్ చేయకండి, కంపెనీ ఇచ్చిన టూల్ ఏదైనా ఉందేమో ముందు మీ ఐటీ వాళ్లని కనుక్కోండి.