కొలతా, మోడలా? ముందు రెండింటి చేతా ఒకే లెక్క చేయించండి

అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర సముద్ర ప్రవాహాన్ని నిరంతరం కొలిచే ర్యాపిడ్ అనే పరికరాల వరుస ప్రకారం సుమారు 1.2 పెటావాట్ల (ఒక పెటావాట్ అంటే కోటి కోట్ల వాట్లకు పది రెట్లు) వేడి ఉత్తరానికి పోతోంది, మీ మోడల్ పునర్నిర్మాణంలో (కొలతలను కంప్యూటర్ మోడల్‌లో కలిపి సముద్రపు గత స్థితిని తిరిగి లెక్కగట్టడంలో) మాత్రం 1 కూడా దాటడం లేదు, దేన్ని నమ్మాలి అని అడిగారు. ఇప్పుడే దేన్నీ నమ్మకండి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఇదే తేడా నన్ను రెండు నెలలు పట్టి ఆపింది. చివరికి తేలిందేమిటంటే, నేను పోల్చినవి రెండు వేర్వేరు లెక్కలు.

మొదటి పొరపాటు నాదే. మోడల్ వేగాన్ని ఉష్ణోగ్రతతో గుణించి సముద్రపు అడ్డకోత అంతటి మీదా కలిపాను. ఉష్ణోగ్రతను సెల్సియస్ నుంచి కెల్విన్‌కు మార్చగానే జవాబు పూర్తిగా మారిపోయింది. కారణం, ఆ అక్షాంశ గీత మీదుగా నికర ప్రవాహం సున్నా కాదు. బేరింగ్ జలసంధి గుండా ఆర్కిటిక్‌లోకి వచ్చిన పసిఫిక్ నీరు అట్లాంటిక్ మీదుగానే దక్షిణానికి దిగాలి కదా. ఒక్క స్వెర్డ్రప్, అంటే సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్ల నీరు, లెక్కలో మిగిలిపోయినా 273 డిగ్రీల తేడాకు దాదాపు 1.1 పెటావాట్లు వచ్చి పడతాయి. మీరు వెతుకుతున్న మొత్తం సంకేతమే అంత! ముందు ఆ నికర ప్రవాహాన్ని తీసివేయండి. నెలవారీ సగటులు గుణించి ఉంటే అదీ మానండి. వేగం, ఉష్ణోగ్రత కలిసి మారే భాగం, ముఖ్యంగా సుడులు మోసే వేడి, అక్కడే జారిపోతుంది.

ఇక కొలత సంగతి. 2004 నుంచి నడుస్తున్న ర్యాపిడ్‌లో వేడిని నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు. ఫ్లోరిడా జలసంధిలో చాలాకాలం ఒక పాత టెలిఫోన్ కేబుల్‌ను వాడుతూ వచ్చారు. భూమి అయస్కాంత క్షేత్రంలో ఉప్పునీరు కదులుతుంటే ఆ కేబుల్‌లో వోల్టేజీ పుడుతుంది, దాని నుంచి ప్రవాహాన్ని అంచనా వేస్తూ వచ్చారు. బహామాస్ నుంచి ఆఫ్రికా తీరం దాకా లంగరు వేసిన పరికరాలు ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తాయి. వాటి నుంచి సాంద్రత, సాంద్రత తేడాల నుంచి ప్రవాహం. గాలి నెట్టే పైపొర ప్రవాహానికి వాడే గాలుల సమాచారమైతే వాతావరణ మోడల్ పునర్విశ్లేషణ నుంచే వస్తుంది. అంటే మనం కొలత అనే దానిలోనూ ఒక మోడల్ కూర్చుని ఉంది. అయస్కాంత క్షేత్రం నెమ్మదిగా మారడాన్ని లెక్కలోకి తీసుకుని 2024లో కేబుల్ సమాచారాన్ని సరిదిద్దినప్పుడు, అంతకుముందు కనిపించిన ఫ్లోరిడా ప్రవాహపు క్షీణత చాలావరకు మాయమైంది. ఇది ఆ కొలతలను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఇంత ఓపికగా తమ లెక్కను తామే సరిదిద్దుకునే శాస్త్రజ్ఞుల మీద నాకు అపారమైన గౌరవం.

అందుకే నేను చివరికి చేసింది: మోడల్ సముద్రంలోనూ అవే చోట్ల ఊహా లంగర్లు వేసి, ర్యాపిడ్ పద్ధతిలోనే ప్రవాహం, వేడి లెక్కగట్టాను. ఆ తర్వాత కూడా కొంత తేడా మిగిలింది. అప్పుడు మాత్రమే అది మోడల్ లోపమని ధైర్యంగా రాయగలిగాను. చాలా మోడళ్లలో దక్షిణానికి తిరిగి వెళ్లే చల్లని నీరు ఉండవలసినంత లోతున ఉండదు. పైనీటికీ లోతునీటికీ ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది కాబట్టి, తిరిగే నీటి పరిమాణం సరిపోయినా వేడి తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఆర్గో తేలియాడే పరికరాల సమాచారాన్ని ర్యాపిడ్ లెక్కా వాడుకుంటుంది, చాలా పునర్నిర్మాణాలూ వాడుకుంటాయి. అందుకని రెండింటి జవాబులూ సరిపోలినంత మాత్రాన ఒకదానికొకటి స్వతంత్ర సాక్ష్యం కావు.

మీ మోడల్ సముద్రాన్ని విడగొట్టే గడుల వల (గ్రిడ్) ఒక డిగ్రీదైతే వీటన్నిటికంటే ముందు ఫ్లోరిడా జలసంధిని చూడండి. అక్కడ దాని వెడల్పు దాదాపు 80 కిలోమీటర్లు, మీ ఒక్క గడి వెడల్పు దాదాపు 100. సుమారు 32 స్వెర్డ్రప్‌ల వెచ్చని నీరు పోయే దారి మీ మోడల్‌లో ఏ ఆకారంలో ఉందో పటం గీసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.