లాభం పెరుగుతున్న కంపెనీకి అప్పు ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బోనస్‌తో కలిపి ఇప్పుడు నా దగ్గర 9 లక్షల రూపాయలు ఉన్నాయి. విద్యుత్ ప్యానెళ్లు తయారు చేసే ఒక కంపెనీ షేర్లు కొనమని మా బావగారు చెబుతున్నారు. మూడేళ్లలో దాని నికర లాభం 40 కోట్ల నుంచి 52 కోట్లకు, ఆపైన 65 కోట్లకు పెరిగింది; డివిడెండు కూడా ఇస్తోంది. కానీ వార్షిక నివేదికలో ‘నిర్వహణ కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు’ అదే మూడేళ్లలో 34 కోట్లు, 11 కోట్లు, మైనస్ 18 కోట్లుగా ఉంది. లాభం వచ్చాక నగదు మైనస్ ఎలా అవుతుంది? ఈ షేరు కొనవచ్చా? రెండేళ్లలో ఫ్లాటు బుక్ చేయాలని మా ఆలోచన. (నివేదిక పేజీలు జతచేశాను.)

జవాబు: చాలామంది లాభం అంకె దగ్గరే ఆగిపోతారు, మీరు పేజీ తిప్పి నగదు పట్టిక దాకా వెళ్లారు, అందుకు ముందుగా అభినందనలు. ఫ్లాటు కోసం దాచిన ఈ డబ్బుతో ఆ షేరు కొనవద్దని నా సలహా. ఎందుకో మీరు పంపిన అంకెలతోనే వివరిస్తాను.

లాభం లెక్క సరుకు అమ్మిన రోజు పుడుతుంది. డబ్బు మాత్రం కొన్నవాడు చెల్లించిన రోజే వస్తుంది. మా మేనమామ చిక్కపేటలో ధర్మవరం పట్టుచీరల టోకు వ్యాపారం చేసేవారు. ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువ చీరలు అమ్మిన సంవత్సరమే నేతగాళ్లకు కూలి చెల్లించడానికి మా అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టవలసి వచ్చింది. అమ్మకాలు పెంచాలని కొత్త దుకాణాలకు మూడు నెలల అరువు మీద సరుకు పంపారు. ఖాతా పుస్తకంలో లాభం ఉంది, గల్లాపెట్టెలో డబ్బు లేదు. ఆ దుకాణాలలో కొన్ని ఏడాది తరువాత చెల్లించాయి, రెండు దుకాణాలు చెల్లించనే లేదు. కంపెనీల నగదు పట్టిక చూసిన ప్రతిసారీ నాకు ఆ సంవత్సరమే గుర్తుకు వస్తుంది, ఎందుకంటే మీరు అడిగిన కంపెనీలో జరుగుతున్నది కూడా పెద్ద అంకెలలో అదే.

స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీలు నగదు పట్టికను పరోక్ష పద్ధతిలోనే ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అంటే లాభంతో మొదలుపెట్టి, అది నగదుగా మారేలోపు ఎక్కడెక్కడ ఆగిందో వరుసగా చూపించాలి. మన వంటివారికి ఇది గొప్ప సౌకర్యం. మీ కంపెనీ గత సంవత్సరం పట్టికను పైనుంచి చదవండి. పన్నుకు ముందు లాభం 87 కోట్లు. యంత్రాల తరుగుదల 14 కోట్లు ఖర్చుగా రాసినదే తప్ప ఆ ఏడాది చేతి నుంచి పోయినది కాదు కనుక దానిని కలిపారు. వడ్డీ ఖర్చు 19 కోట్లను పట్టికలో మరోచోట చూపిస్తారు కనుక దానినీ తిరిగి కలిపి, డిపాజిట్ల మీద వచ్చిన 3 కోట్ల వడ్డీని తీసివేశారు. అలా 117 కోట్లు అయింది. వ్యాపారం తన పనితో సంపాదించినది ఇది. దీనిలో నుంచి కొనుగోలుదారుల బకాయిలు పెరిగినందుకు 96 కోట్లు, గోదాములో నిల్వలు పెరిగినందుకు 41 కోట్లు పోయాయి. సరఫరాదారులకు చెల్లింపులు ఆలస్యం చేసినందువల్ల 26 కోట్లు మిగిలాయి. ఇక ఉన్నది 6 కోట్లు. ఆదాయపు పన్ను 24 కోట్లు కట్టాక మైనస్ 18 కోట్లు.

ఈ వరుసలో మీరు నిలిచి చూడవలసినది 96 కోట్ల దగ్గర. అమ్మకాలు 610 కోట్ల నుంచి 790 కోట్లకు, అంటే సుమారు 30 శాతం పెరిగాయి. బకాయిలు మాత్రం 128 కోట్ల నుంచి 224 కోట్లకు, అంటే 75 శాతం పెరిగాయి. బకాయిని అమ్మకంతో భాగించి 365తో హెచ్చిస్తే డబ్బు రావడానికి సగటున ఎన్ని రోజులు పడుతోందో తెలుస్తుంది. మొదట 77 రోజులు, ఇప్పుడు 103 రోజులు. వ్యాపారం పెరిగినందువల్ల మాత్రమే బకాయి పెరిగి ఉంటే ఈ రోజుల లెక్క మారకూడదు. 26 రోజులు ఎక్కువైందంటే కంపెనీ ఎక్కువ అరువు ఇచ్చి అమ్మకాలను పెంచుకొని ఉండాలి, లేదా కొన్నవారు సమయానికి చెల్లించలేకపోతూ ఉండాలి. రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి మరొక పట్టిక ఉంది. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి కంపెనీలు తమకు రావలసిన బకాయిలను ఆరు నెలలలోపువి, ఆరు నెలల నుంచి ఏడాదివి, ఏడాది నుంచి రెండేళ్లవి, ఆ పైవి అని వయసు వారీగా విడగొట్టి చూపించాలి. మీరు పంపిన పేజీలలో అది ఉంది: 224 కోట్లలో 58 కోట్లు ఆరు నెలలు దాటినవి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన అంకె ఇదే. అందులో కొంత భాగం రాదని కంపెనీ రేపు ఒప్పుకుంటే, ఈనాడు మీ బావగారు చూపిస్తున్న 65 కోట్ల లాభంలో నుంచే అది తరిగిపోతుంది.

మరి ఈ ఏడాది డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? నిర్వహణలో 18 కోట్లు తక్కువపడ్డాయి, కొత్త యంత్రాలకు 33 కోట్లు, వడ్డీకి 19 కోట్లు, డివిడెండుకు 8 కోట్లు వెచ్చించారు. డిపాజిట్ల వడ్డీగా 3 కోట్లు వచ్చాయి. ఇలా మొత్తం మీద తక్కువపడిన 75 కోట్లు బ్యాంకు నుంచి తెచ్చుకున్న స్వల్పకాలిక అప్పు; అది 90 కోట్ల నుంచి 165 కోట్లకు పెరిగింది. డివిడెండు ఇస్తోంది కనుక కంపెనీ దగ్గర డబ్బుందని బావగారు అనుకోవడం సహజమే, కానీ ఆ 8 కోట్లు కూడా అప్పు తెచ్చి పంచినవే అని ఆయనకు మర్యాదగా చూపించండి.

నిర్వహణ నగదు ఒక సంవత్సరం మైనస్ అయినంత మాత్రాన కంపెనీ చెడ్డదని చెప్పడం అన్యాయం. పెద్ద ఆర్డరు చేతికి వచ్చి ముడిసరుకు ముందే కొన్నప్పుడు, మార్చి చివరి వారాలలో సరుకు పంపి ఏప్రిల్‌లో డబ్బు తీసుకున్నప్పుడు అలా జరుగుతుంది. బ్యాంకులకు, బ్యాంకుల్లాగే అప్పులిచ్చే ఎన్‌బీఎఫ్‌సీలకు ఈ కొలత వాడనే వాడకండి. వాటికి అప్పు ఇవ్వడమే వ్యాపారం కనుక ఎదుగుతున్న సంస్థకు ఈ అంకె మైనస్‌లో ఉండడం మామూలే. అందుకే నేను ఒక్క ఏడాదిని కాక కనీసం మూడేళ్లను, వీలైతే ఐదేళ్లను కలిపి చూస్తాను. మీ కంపెనీ మూడేళ్ల లాభం మొత్తం 157 కోట్లు, నిర్వహణ నగదు మొత్తం 27 కోట్లు. నూరు రూపాయల లాభం రాస్తే చేతికి వచ్చినది 17 రూపాయలు. పైగా ఏటికేడు తగ్గుతోంది. ఒక ఏడాది ఒడిదుడుకు అని సరిపెట్టుకోవడానికి ఇక్కడ వీలు లేదు.

దీనికి ఎదురు వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే రేపు మరొక కంపెనీలో ఈ అంకె బాగా కనిపిస్తే మీరు వెంటనే నమ్మకూడదు. మన దేశపు లెక్కల ప్రమాణం ఇండ్‌ ఏఎస్ 7 ప్రకారం ఆర్థిక సంస్థలు కాని కంపెనీలు చెల్లించిన వడ్డీ నిర్వహణ నగదులో కనిపించదు, అదే పట్టికలో అప్పులు, వాటాల లెక్క చూపే నిధుల సమీకరణ విభాగంలో ఉంటుంది. కాబట్టి అప్పులు ఎక్కువగా ఉన్న కంపెనీకి నిర్వహణ నగదులో నుంచి వడ్డీని మీరే తీసివేసి చూసుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి దీర్ఘకాలిక అద్దెలు కూడా చాలావరకు ఆ విభాగానికే వెళ్లాయి; అద్దె దుకాణాలతో నడిచే కంపెనీల నిర్వహణ నగదు ఆ ఏడాది ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించడానికి అదే కారణం. బకాయి బిల్లులను తగ్గింపుతో బ్యాంకుకు అమ్మివేసినా ఆ ఏడాది నగదు పెరుగుతుంది. సరఫరాదారులకు డబ్బు ఆపినా పెరుగుతుంది. ఈ చివరిది నాకు బాధ కలిగించే విషయం: బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో నాలుగు లేత్ మిషన్లతో నడిచే చిన్న వర్క్‌షాపులకు గరిష్ఠంగా 45 రోజులలో చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతున్నా, వారి డబ్బును ఆపి తమ పట్టికను అందంగా చూపించే పెద్ద కంపెనీలు ఉన్నాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లించవలసిన మొత్తం బ్యాలెన్స్ షీటులో విడిగా ఉంటుంది. దానిని కూడా చూడండి.

సత్యం కంప్యూటర్స్ సంగతి మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న బయటపడిన లేఖలో, పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేవని చైర్మనే ఒప్పుకున్నారు. నగదు అనే మాట రాసి ఉన్నంత మాత్రాన నగదు ఉన్నట్టు కాదు. నిల్వలు దండిగా చూపిస్తూనే అప్పులు తెచ్చుకుంటున్న కంపెనీ కనబడితే, ఆ డబ్బు వాడకుండా వడ్డీ ఎందుకు కడుతున్నారని అడగాలి.

ఇక మీ 9 లక్షల విషయం. రెండేళ్లలో ఫ్లాటుకు కావలసిన డబ్బు ఏ ఒక్క కంపెనీ షేరులోనూ ఉండకూడదు, దాని నగదు ఎంత బాగున్నా సరే. మూడు బ్యాంకులలో తలా మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది కనుక వడ్డీతో కలిపి ఆ పరిమితి దాటకుండా చూసుకోండి. ఈ కంపెనీ మీద ఆసక్తి పోకపోతే ఒక్క షేరు కూడా కొనకుండా నవంబరు మధ్య వరకు ఆగండి. సెప్టెంబరుతో ముగిసే అర్ధ సంవత్సరపు ఫలితాలతో పాటు నగదు పట్టిక కూడా అప్పటికి వస్తుంది. 224 కోట్ల బకాయి తగ్గిందా, 165 కోట్ల అప్పు తగ్గిందా అనే రెండు అంకెలను చూసి, బావగారితో కలిసి నాకు మళ్లీ రాయండి.