నాకు తెలుగు చదవడం వచ్చు మాస్టారూ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మా,

నీ కథ అందింది. పద్దెనిమిది పేజీలు. ఫోన్లో చదవడం నా కళ్ళకు కష్టమని మీ నాన్న ప్రింటు తీయించి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ఆయనకు నా నమస్కారాలు చెప్పు. నువ్వు మాత్రం మీ ఊళ్ళో ఆ హత్య జరిగిన రాత్రే, రెండు గంటల పది నిమిషాలకు నాకు వాట్సాప్‌లో పెట్టేశావు. "మాస్టారూ, రేపటికల్లా ఇది అందరికీ చేరాలి, ఎక్కడ పెట్టమంటారు?" అన్నావు. నేను జవాబివ్వలేదు. నీకు కోపం వచ్చింది. నాలుగు రోజులుగా నా గుడ్‌మార్నింగ్‌కి కూడా బదులు లేదు.

కావాలనే ఆగాను. రెండు గంటలకు రాయడం తప్పు కాదు. కొన్ని వాక్యాలు ఆ వేళకే వస్తాయి, తెల్లారితే దొరకవు. పంపడం మాత్రం రెండు గంటలకు చేసే పని కాదు. నీకు టెన్షన్‌గా ఉంది, నిద్ర లేదు, వీధి చివర పోలీసు వ్యాన్ ఆగి ఉంది, ఫోన్లో ప్రతివాడూ ఏదో ఒకటి ఫార్వర్డ్ చేస్తున్నాడు. అలాంటప్పుడు రాసినదాంట్లో నీ మాటలెన్నో, ఫోన్లోంచి నీలోకి దూరిన మాటలెన్నో నీకే తెలియదు. నీ కథలో మూడో పేజీ తీసి చూడు. "నెత్తుటికి నెత్తురే సమాధానం" అని ఉంది. అది నీ వాక్యమా? పన్నెండేళ్ళప్పుడు మా బడి గోడపత్రికకు పేడపురుగు మీద కథ రాసిన పిల్ల వాక్యమా అది?

నా సంగతి ఒకటి చెబుతాను. గొప్పగా చెప్పుకునేది కాదు.

నాకు ముప్పై రెండేళ్ళప్పుడు ఇక్కడ ఎలక్షన్ల గొడవల్లో మా వీధి కుర్రాడొకణ్ణి చీకట్లో కొట్టారు. కాలు విరిగింది. ప్రాణం దక్కింది కానీ ఆ కాలు మళ్ళీ సరిగా నిలవలేదు. నేను అదే రాత్రి ఒక కవిత రాశాను. వారం తిరక్కుండా ఒక సావనీర్‌లో అచ్చయింది. అందులో కొట్టిన నలుగురి పేర్లూ లేవు, ఆ పార్టీ పేరూ లేదు. "వాళ్ళు" అని ఉంది. "వాళ్ళకు పాలు పోశాం, పడగ విప్పారు" అని ఉంది. కొట్టినవాళ్ళలో ఇద్దరు ఒడియా ఇళ్ళవాళ్ళు, ఇద్దరు తెలుగు ఇళ్ళవాళ్ళు. ఆ లెక్క నాకు అప్పుడే తెలుసు. అయినా "వాళ్ళు" అనే రాశాను, ఎందుకంటే లయ కుదిరింది.

మా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ ఒడియా మాస్టారిది. రోజూ ఇద్దరం ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్ళం. ఆయన సావనీర్ చేతిలో పట్టుకుని, "ఏం రాశావు, ఒడియాలో చెప్పు" అన్నారు. నేను చెప్పాను. చెబుతూ చెబుతూ పాముని వదిలేశాను, పాలు వదిలేశాను, ఎవరో దుండగులు చేసిన పని గురించిన దుఃఖం అన్నట్టు మార్చేశాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత తెలుగులో, చాలా శుభ్రమైన తెలుగులో, "నాకు తెలుగు చదవడం వచ్చు మాస్టారూ" అన్నారు.

టీ తాగారు. కప్పు కడిగి పెట్టారు. మర్నాటి నుంచి ఏడాది దాకా నాతో "ఆపణ", అంటే "తమరు", అని మాట్లాడారు. ఒడియాలో "తు", "తుమే", "ఆపణ" మూడూ ఎక్కడెక్కడ వాడతారో రాయగడలో పుట్టిన నీకు నేను చెప్పనక్కర్లేదు. అంతకుముందు ఎనిమిదేళ్ళు నేను ఆయనకు "తుమే", చనువైన "నువ్వు".

ఇది జరిగాక నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. నేను తెలుగులో రాసిన ప్రతి ముక్కనీ, ఒక్క పదం మెత్తబెట్టకుండా, పక్క కుర్చీలోని మనిషికి ఆయన భాషలో చదివి వినిపించగలనా? వినిపించలేకపోతే ఆ వాక్యంలో ఏదో దొంగతనం ఉన్నట్టే. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్న రచయితకు ఈ సౌకర్యం లేదు. వాడి కోపం వాడి భాషలోనే తిరిగి తిరిగి, వాడి మనుషుల చప్పట్ల మధ్యే ముగుస్తుంది. మనకు అవతలి మనిషి పక్కింట్లోనే ఉన్నాడు, పైగా చదవగలడు. సరిహద్దులో పుట్టడం వల్ల మనకు దక్కినవి తక్కువే (తెలుగు బడులు ఎలా మూతపడుతున్నాయో నీకు తెలుసు). ఇదొక్కటి మాత్రం దక్కింది.

శాంతంగా రాయమంటే చప్పగా రాయమని అర్థం చేసుకోకు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగా ఉండేవారు, 1880లో చేరారు. సవర గిరిజనుల భాష నేర్చుకుందామని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. మన్యంలో తిరిగి జ్వరాల పాలయ్యారు, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. వ్యావహారిక భాష కోసం పండితులతో దెబ్బలాడినప్పుడు ఆయన సౌమ్యుడేమీ కాదు. వాళ్ళను భిషక్కులని, అంటే భాషకు వైద్యం చేసేవాళ్ళని, వెక్కిరించారు. అయితే వాదానికి మాత్రం పండితుల పుస్తకాలే తెచ్చారు. వాళ్ళు నెత్తిన పెట్టుకునే గ్రంథాల్లోంచే ప్రయోగాలు తీసి చూపించారు. 1925లో తణుకు సభలో అలా నాలుగు గంటలు మాట్లాడారట. అవతలివాడు కాదనలేని సాక్ష్యం అవతలివాడి ఇంట్లోనే వెతికారు.

ఆయనే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు, అంతకుముందు ఎంత పోరాడినా ఆపలేకపోయి, ఆ ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు. ఆయన వెళ్ళిపోవడం సరైనదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఉండిపోయి ఉంటే బాగుండేదనిపిస్తుంది, అది నా స్వార్థం. మహేంద్రతనయ అవతల పాతపట్నం ఆంధ్ర, ఇవతల మేము ఒడిశా. ఊరిని ఒడిశాలో కలపాలన్న రాజావారితో ఆయనది నిజమైన గొడవ, ఓడిపోయిన గొడవ. అయినా ఆయన వల్ల ఒక్క కిటికీ అద్దం పగిలిందని నేను ఎక్కడా వినలేదు.

ఇప్పుడు నీ కథకు వస్తాను. ముందు క్రియల దగ్గర ఆగు. మన భాషలో మనిషి చనిపోవడానికి ఎన్ని మాటలున్నాయో, ఒక్కో మాట ఏ జెండా కింద నిలబడుతుందో చూడు. పోలీసు ప్రకటనలో "హతం". కరపత్రంలో "అమరుడయ్యాడు". పేపరు హెడ్డింగులో "మట్టుబెట్టారు". మీ వీధిలో ముసలమ్మను అడుగు, "పోనాడమ్మా" అంటుంది. నీ కథలో నీకు ఇష్టమైనవాడు "నేలకొరిగాడు", ఇష్టం లేనివాడు రెండో పేజీలోనే "చచ్చాడు". అతను, వాడు, ఆయన కూడా అంతే. చంపినవాణ్ణి "వాడు" అనకూడదని నేననను. అయితే చంపినవాడి తమ్ముణ్ణి, వాళ్ళ వీధిని, వాళ్ళ సంతలో ఉల్లిపాయలమ్మే ఆమెను కూడా "వాళ్ళు" అన్నావు. అక్కడ నీ కలం నా సావనీర్ కవితలోకి జారింది.

రెండోది "కానీ". నీ ఏడో పేజీలో ఒక పెద్దమనిషి "హత్య తప్పే, కానీ..." అంటాడు. ఆ పాత్రను అలాగే ఉంచు, మన చుట్టూ ఉన్నవాళ్ళే వాళ్ళు. నువ్వు మాత్రం కథకురాలిగా ఆ "కానీ" వాడకు. హత్య తప్పు. ఫుల్‌స్టాప్. ఆ చనిపోయినాయన భూమి విషయంలో ఏం చేశాడు, ఎవరి ఉసురు పోసుకున్నాడు, అదంతా రాయాల్సిందే, దాచొద్దు. వేరే పేరాలో రాయి, వేరే రోజు రాయి. ఒకే వాక్యంలో పెడితే రెండోది మొదటిదాన్ని తినేస్తుంది.

మూడోది కొంచెం కష్టమైనది. 2018 సెప్టెంబరు 23 నీకు గుర్తుండాలి, అప్పటికి నువ్వు బడిలో ఉన్నావు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ సాయంత్రం చనిపోయిన నాయకుల మనుషులు డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీద పడి తగలబెట్టారు. ఆ దుఃఖం నాకు అర్థమవుతుంది. కళ్ళ ముందు తిరిగిన మనిషి పోయాడు. రక్షించాల్సినవాళ్ళు రక్షించలేదని మండిపోయారు. అయినా ఆ మంటల్లో ఏ గిరిజనుడు తన పొలం గురించి ఇచ్చుకున్న ఫిర్యాదు కాగితం కాలిందో అని నేను ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. నీ కథ స్టేషను ముందు గుంపు దగ్గర ఆగిపోతుంది, చేతుల్లో రాళ్ళు, వెనక నినాదాలు, సినిమా ఇంటర్వెల్ లాగా. మర్నాడు పొద్దున్నకు తీసుకెళ్ళు. బూడిద ఎవరు ఊడుస్తారో రాయి.

ఒక్క హెచ్చరిక. శాంతంగా ఉండమని చనిపోయినవాడి తల్లికి చెప్పకు, కథలో కూడా చెప్పించకు. ఆవిడ శాపనార్థాలు పెట్టనీ. ఆ మాట నీకూ నాకూ, మైకు పట్టుకునేవాళ్ళకూ, ఫార్వర్డ్ నొక్కేవాళ్ళకూ.

మాటల వల్ల ఏమవుతుంది మాస్టారూ అని నువ్వు అడుగుతావు, కిందటిసారి కూడా అడిగావు. మల్కనగిరి మీకు కోరాపుట్ అవతలి జిల్లానే. 2011 ఫిబ్రవరి 16న అక్కడి కలెక్టరు వినీల్ కృష్ణని చిత్రకొండ వైపు మావోయిస్టులు ఎత్తుకుపోయారు. తెలుగు కుర్రాడు, ఒడిశా కేడర్. ఆయన్ను వదలమని గిరిజనులే ఊరేగింపులు తీశారు. అటువైపు వాళ్ళు అడిగిన మధ్యవర్తుల్లో పౌరహక్కుల ప్రొఫెసర్ హరగోపాల్ ఒకరు. భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడారు. 24న కలెక్టరు ప్రాణాలతో బయటికి వచ్చారు. హరగోపాల్ పేరు రెండు పక్షాలకూ ఎందుకు ఒప్పుదలైంది? అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా రెండు వైపుల చావుల గురించీ ఒకే గొంతుతో మాట్లాడినవాడు గనక.

ఆ గొంతు ఆయన ఒక్కడిదే కాదు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం కొందరు ఐఏఎస్ అధికారుల్ని పట్టుకుపోయింది. అందులో ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. జీతంలో సగం పేదపిల్లల చదువులకే పోయేదని ఆయన్ను ఎరిగినవాళ్ళు చెబుతారు. తనను ఎత్తుకుపోయినవాళ్ళ మీద ఆయన పగ పెంచుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. పదేళ్ళ తర్వాత 1997లో ఆయనే పౌర స్పందన వేదికకు నాయకుడై ఇటు ప్రభుత్వంతో, అటు వాళ్ళతో ఉత్తరాలు నడిపారు. ఎన్‌కౌంటర్‌నూ ప్రశ్నించారు, ఇన్ఫార్మరని చంపడాన్నీ ప్రశ్నించారు. రెండు వైపులా తిట్టారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా తెగిపోయాయి. మళ్ళీ తుపాకులే.

అంటే ఓడిపోయారు కదా అంటావు. అవును, ఆ పని నిలవలేదు. మాటకు గ్యారంటీ లేదమ్మా. ఆ కొద్ది నెలల్లో ఇంటికి తిరిగొచ్చినవాళ్ళ లెక్క నా దగ్గర లేదు, తిరిగొచ్చారని మాత్రం తెలుసు.

మీ ఊళ్ళో ఇంకా 144 ఉందని మీ నాన్న చెప్పాడు. (కొత్త చట్టంలో అది 163 అట. జనం నోట మాత్రం 144 అనే అంటారు, ఇంకో యాభై ఏళ్ళు అలాగే అంటారు.) అది ఎత్తేశాక రా. గుణుపూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. వచ్చేముందు ఒక పని చెయ్యి. మీ కొట్టు పక్క మందుల షాపాయన ఒడియావాడే కదా, నువ్వు చిన్నప్పుడు ఆయన బల్ల మీద నిద్రపోయేదానివి. మొదటి నాలుగు పేజీలు ఆయనకు ఒడియాలో చెప్పు. ఎక్కడ నీ గొంతు తగ్గుతుందో, ఎక్కడ మాట మార్చాలనిపిస్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. అన్ని గీతలూ కొట్టేయనక్కర్లేదు. కొన్నిచోట్ల గొంతు తగ్గేది భయం వల్ల, అక్కడ రాసింది నిజమే అయి ఉంటుంది. ఏది భయమో ఏది సిగ్గో మనం కూర్చుని చూద్దాం.

ఎనిమిదో పేజీ మాత్రం ముట్టుకోకు. ఆ తల్లి రాత్రి భోజనానికి అలవాటు కొద్దీ నాలుగు కంచాలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టి, కాసేపటికి దాన్నే తీసి కడుగుతుంది చూడు, అది నువ్వు రెండు గంటలకు రాసిందే అయినా ఫోన్లోంచి వచ్చింది కాదు.

మా ఒడియా మాస్టారికి కూడా చెప్పాను నువ్వు వస్తున్నావని. ఆయనకు ఎనభై దాటింది, సాయంత్రాలు మా అరుగు మీదికి వస్తారు. కథ ఆయనే చదువుతానన్నారు, తెలుగులోనే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు